కోచ్ ఉంటాడా, వెళ్తాడా? రిచ్మండ్‌లో ఏటా మార్చిలో ఇదే చర్చ

మార్చి వచ్చిందంటే రిచ్మండ్‌లో బాస్కెట్‌బాల్ అభిమానులకు రెండు టెన్షన్లు పట్టుకుంటాయి. జట్టు గెలుస్తుందా లేదా అన్నది మొదటిది. గెలిస్తే కోచ్ మిగులుతాడా అన్నది రెండోది. ఓడిన ఏడాది ఈ రెండో బెంగ ఉండదు. కానీ అలాంటి ఏడాది రావాలని ఎవరూ మొక్కుకోరు కదా.

వర్జీనియా రాష్ట్ర రాజధాని అయిన ఈ ఊళ్లో వర్జీనియా కామన్‌వెల్త్ యూనివర్సిటీ ఉంది. అందరూ వీసీయూ అంటారు. 1968లో ఒక వైద్య కళాశాలను, మరో విద్యాసంస్థను కలిపి ఏర్పాటు చేసిన ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఇది. 2002 నుంచి 2025 మార్చి దాకా ఇక్కడి పురుషుల జట్టుకు ఆరుగురు హెడ్ కోచ్‌లు పనిచేశారు. ఆరుగురూ జట్టును ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) మార్చిలో జరిపే జాతీయ టోర్నీకి తీసుకెళ్లారు. ఆరుగురూ తమంతట తామే ఇంకా పెద్ద కాన్ఫరెన్స్‌లోని (అంటే యూనివర్సిటీ జట్ల లీగ్‌లోని) యూనివర్సిటీకి వెళ్లిపోయారు. ఒక్కరినీ తీసేయాల్సిన అవసరం రాలేదు. ఇన్ని సార్లు జరిగాక కూడా ప్రతిసారీ చర్చ కొత్తగానే మొదలవుతుంది. ఈయన అలాంటివాడు కాదు, పిల్లలు ఇక్కడి బడిలో చదువుతున్నారు, ఊరు నచ్చిందని ఆయనే అన్నాడు అంటూ ఒక వర్గం, మొన్నటాయన కూడా ఇవే మాటలు చెప్పాడంటూ ఇంకో వర్గం.

ఎందుకిలా అంటే ముందు డబ్బు సంగతి చెప్పుకోవాలి. అమెరికా కాలేజీ క్రీడల్లో అసలు రాబడి ఫుట్‌బాల్‌ది. మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. ఆ ఆట కోసం టీవీ సంస్థలు బిగ్ టెన్, ఎస్‌ఈసీ లాంటి పెద్ద కాన్ఫరెన్స్‌లకు కుమ్మరించే డబ్బులోంచే అక్కడి బాస్కెట్‌బాల్ కోచ్‌ల జీతాలూ పెరుగుతాయి. వీసీయూకి ఫుట్‌బాల్ జట్టే లేదు. బాస్కెట్‌బాలే పెద్ద ఆట, దాని మీదే ఊరి ప్రేమంతా. 7,600 మంది పట్టే సీగెల్ సెంటర్ అనే స్టేడియం 2011 నుంచి ఏళ్ల తరబడి వరసగా నిండింది. అయినా ఆ టికెట్ల డబ్బు టెక్సస్ లాంటి పెద్ద యూనివర్సిటీతో పోటీపడేంత కాదు. ఇలాంటి జట్లకు ‘మిడ్-మేజర్’ అని పేరు. మన దగ్గర ఒక చిన్న కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌కి పేరొచ్చిందో లేదో, మరుసటి ఏడాదికల్లా పెద్ద కార్పొరేట్ కాలేజీ ఎగరేసుకుపోతుంది కదా, ఇదీ అంతే.

మొదట వెళ్లింది జెఫ్ కేపెల్. 2002లో పగ్గాలు చేపట్టేనాటికి ఆయనకు 27 ఏళ్లు, కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో అప్పటికి అందరికంటే చిన్న హెడ్ కోచ్. 2004లో జట్టును టోర్నీకి తీసుకెళ్లి, వేక్ ఫారెస్ట్ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో ఓడారు. 2006లో ఓక్లహోమా కోచ్ కెల్విన్ శాంప్సన్ ఇండియానాకు మారడంతో, ఆ ఖాళీలోకి కేపెల్ వెళ్లారు. ఈ రంగంలో పెద్ద కుర్చీలో ఒకరు లేస్తే కింద నాలుగైదు కుర్చీలు కదులుతాయి. అందుకే వీసీయూ అభిమానులు తమ జట్టు వార్తలే కాదు, ఎక్కడెక్కడి కోచ్‌ల ఉద్యోగాలు ఊడుతున్నాయో కూడా ఓ కంట కనిపెడుతుంటారు.

కేపెల్ తర్వాత ఆంథొనీ గ్రాంట్ వచ్చారు. ఫ్లోరిడాలో బిల్లీ డోనవన్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేసి, జాతీయ టైటిల్ గెలిచిన జట్టులోంచి నేరుగా వచ్చిన మనిషి. 2007 టోర్నీలో వీసీయూ 79-77తో డ్యూక్‌ని ఓడించింది. చివరి క్షణాల్లో ఎరిక్ మేనర్ వేసిన ఆ షాట్ గురించి రిచ్మండ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2009లో గ్రాంట్ అలబామాకు వెళ్లిపోయారు. యూనివర్సిటీ మళ్లీ ఫ్లోరిడా వైపే చూసి డోనవన్ దగ్గరున్న ఇంకో కుర్రాణ్ని తెచ్చుకుంది. ఆయనే షాకా స్మార్ట్.

ఈ చర్చకు ఇప్పుడున్న వేడి వచ్చింది స్మార్ట్ కాలంలోనే. 2011లో వీసీయూకి టోర్నీలో చోటు దొరకడమే గొప్ప. ఆ ఏడాదే జట్ల సంఖ్యను 68కి పెంచి, ‘ఫస్ట్ ఫోర్’ పేరుతో ముందు రౌండ్ ఒకటి పెట్టారు. కాన్ఫరెన్స్ ఫైనల్లో ఓడిన వీసీయూని కమిటీ అందులోకి తీసుకుంటే, టీవీలో విశ్లేషకులు ఇదేం ఎంపిక అని దులిపేశారు. ఆ జట్టు యూఎస్‌సీని, జార్జ్‌టౌన్‌ని, పర్డ్యూని వరసగా కొట్టింది. ఫ్లోరిడా స్టేట్‌పై ఓవర్‌టైమ్‌లో 72-71తో గట్టెక్కింది. ఆ తర్వాత టాప్ సీడ్ కాన్సాస్‌ని 71-61తో ఇంటికి పంపింది. అక్కడితో ఫైనల్ ఫోర్, అంటే సెమీఫైనల్స్. సెమీస్‌లో ఎదురైంది ఇంకో మిడ్-మేజర్, బట్లర్. ఆ కోచ్ బ్రాడ్ స్టీవెన్స్‌కి గానీ స్మార్ట్‌కి గానీ అప్పటికి 35 ఏళ్లు నిండలేదు. 70-62తో బట్లర్ గెలిచింది.

ఓడిన రాత్రి నుంచే అసలు టెన్షన్ మొదలైంది. ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీ స్మార్ట్ వెంటపడింది. ఆయన వీసీయూలోనే ఉండిపోయి, కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టారు. 2012లో ఇలినాయ్, 2013లో యూసీఎల్ఏ ఆయన కోసం ప్రయత్నిస్తున్నట్టు వార్తలొచ్చాయి. రెండుసార్లూ కదల్లేదు. కోర్టు పొడవునా వెంటాడి ప్రత్యర్థికి ఊపిరాడనివ్వని డిఫెన్స్‌ని ‘హావక్’ అనేవారు. ఆ మాట ఊరి గుర్తుగా మారిపోయింది. 2012లో జట్టు అట్లాంటిక్ 10 అనే కాస్త పెద్ద కాన్ఫరెన్స్‌కి మారింది. జట్టు కోసం 25 మిలియన్ డాలర్లతో ప్రాక్టీస్ భవనం కట్టడం మొదలైంది. ఇవన్నీ చూసి, ఈయనిక ఎక్కడికీ పోడు అనే నమ్మకం కుదురుకుంది. నా ఉద్దేశంలో, తర్వాత కలిగిన బాధకు మూలం ఈ నమ్మకమే. కేపెల్, గ్రాంట్ వెళ్లినప్పుడు ‘సరే, మామూలే’ అనుకున్న జనం, 2015 ఏప్రిల్‌లో స్మార్ట్ టెక్సస్‌కి వెళ్తే దాన్ని ద్రోహంలా చూశారు. ఆయన ఆరు సీజన్లు పనిచేసి, 163 మ్యాచ్‌లు గెలిపించి, వరసగా ఐదేళ్లు టోర్నీకి తీసుకెళ్లి వెళ్లారన్న సంగతి ఆ కోపంలో ఎవరికీ గుర్తులేదు.

యూనివర్సిటీ మాత్రం మనసు నొచ్చుకుని కూర్చోలేదు. కోచ్ వెళ్తే వెళ్లనీ, ఊరికే మాత్రం వెళ్లకూడదు అన్నట్టు ఒప్పందాలు రాసుకుంది. గడువు తీరకముందే వెళ్తే కట్టాల్సిన బయౌట్ సొమ్ము ఎక్కడైనా ఉండేదే. దాంతోపాటు, కోచ్‌ని తీసుకెళ్లిన యూనివర్సిటీ వీసీయూతో ఒకసారి అక్కడ, ఒకసారి ఇక్కడ మ్యాచ్ ఆడాలన్న షరతు కూడా పెట్టింది. మామూలుగా పెద్ద జట్లు సీగెల్ సెంటర్‌కి రమ్మన్నా రావు. ఆ షరతు పుణ్యమా అని 2017 డిసెంబర్‌లో స్మార్ట్ టెక్సస్ జట్టుతో రిచ్మండ్‌కి రావాల్సి వచ్చింది. గెలిచే వెళ్లారనుకోండి. మరుసటి ఏడాది టెక్సస్ జట్టు సొంతూరు ఆస్టిన్‌లో వీసీయూ ఒక్క పాయింట్ తేడాతో లెక్క సరిచేసింది.

స్మార్ట్ తర్వాత ఆయన పాత అసిస్టెంట్ విల్ వేడ్ రెండేళ్లుండి 2017లో ఎల్‌ఎస్‌యూకి వెళ్లారు. మరో పాత అసిస్టెంట్ మైక్ రోడ్స్ ఆరేళ్లున్నారు. 2021లో కరోనా పరీక్షల్లో పాజిటివ్ రావడం వల్ల ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే టోర్నీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది ఆయన జట్టే. 2023లో ఆయన పెన్ స్టేట్‌కి మారారు.

మరి వెళ్లినవాళ్లు బాగుపడ్డారా? చర్చలో పదేపదే వచ్చే ప్రశ్న ఇది. ‘ఉండిపో’ అనే వర్గం చేతిలో ఉన్న పెద్ద ఆయుధం కూడా ఇదే. కేపెల్ ఓక్లహోమాని 2009లో ఎలీట్ ఎయిట్ (చివరి ఎనిమిది జట్ల దశ) దాకా తీసుకెళ్లినా 2011లో ఉద్యోగం పోయింది. గ్రాంట్‌ని 2015లో అలబామా తీసేసింది. వేడ్‌ని నియమాల ఉల్లంఘన ఆరోపణల మధ్య 2022లో ఎల్‌ఎస్‌యూ తొలగించింది. స్మార్ట్ టెక్సస్‌లో ఉన్న ఆరు సీజన్లలో ఎన్‌సీఏఏ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. 2021లో అబిలీన్ క్రిస్టియన్ అనే చిన్న కాలేజీ చేతిలో 53-52తో ఓడి, ఆ నెలలోనే మార్కెట్ (Marquette) యూనివర్సిటీకి మారిపోయారు. అక్కడ మళ్లీ వెలిగారు. 2023లో బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌లో లీగ్, టోర్నీ టైటిళ్లు రెండూ గెలిచారు. గ్రాంట్ కూడా డేటన్‌కి వచ్చాక 2020లో 29-2 రికార్డుతో జాతీయ ఉత్తమ కోచ్ అయ్యారు. డేటన్ ఆడేది వీసీయూ ఉన్న అట్లాంటిక్ 10లోనే. అంటే ఒకప్పుడు వదిలిపోయిన మనిషి ప్రత్యర్థి కోచ్‌గా తిరిగొచ్చి ఎదురుగా నిలబడ్డారు.

ఈ లెక్క వింటే వెళ్లడం తప్పనిపిస్తుంది. కానీ అభిమానులు పక్కన పెట్టేసే సంగతి ఒకటుంది. పెద్ద చోట విఫలమైనా ఆ కొన్నేళ్లలో వచ్చే డబ్బు వేరు. తీసేసినా మిగిలిన ఒప్పందం సొమ్ము సాధారణంగా చేతికొస్తుంది. ఇక్కడే ఉండి రెండు సీజన్లు సరిగ్గా ఆడకపోతే, అప్పుడు పిలిచేవాడే ఉండడు. కోచ్ ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే వెళ్లడం పిచ్చి పనేం కాదు.

ఉండిపోయినవాళ్ల పేర్లూ చర్చలో వినిపిస్తాయి. అన్నిటికంటే ముందు వచ్చేది గొన్జాగా కోచ్ మార్క్ ఫ్యూ పేరు. 1999లో డాన్ మన్సన్ మిన్నెసోటాకి వెళ్లిపోతే అసిస్టెంట్‌గా ఉన్న ఫ్యూ ఆ పదవిలోకి వచ్చారు. గొన్జాగా ఉన్న స్పోకేన్ ఊరు వదల్లేదు, 2017లో, 2021లో ఫైనల్ దాకా వెళ్లారు. బట్లర్‌ది ఇంకో తరహా. స్టీవెన్స్ 2013లో నేరుగా ప్రొఫెషనల్ జట్టు బోస్టన్ సెల్టిక్స్‌కి వెళ్లారు గానీ, అంతకు ముందు 2000లో వెళ్లిపోయిన బ్యారీ కాలియర్ 2006లో అథ్లెటిక్ డైరెక్టర్‌గా తిరిగొచ్చారు. 2001లో వెళ్లిపోయిన థాడ్ మాటా 2022లో కోచ్‌గానే తిరిగొచ్చారు.

గత కొన్నేళ్లలో అభిమానుల భయం కాస్త మారింది. 2021లో, ఆటగాళ్లు ఒకసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. అదే ఏడాది తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలూ వచ్చింది. దాంతో కోచ్‌తో పాటు జట్టూ కదులుతోంది. రోడ్స్ వెళ్లినప్పుడు అట్లాంటిక్ 10 ఉత్తమ ఆటగాడు ఏస్ బాల్డ్విన్ ఆయన వెంటే పెన్ స్టేట్‌కి వెళ్లాడు. రోడ్స్ స్థానంలో యూటా స్టేట్ నుంచి వచ్చిన రయాన్ ఓడమ్ తన వెంట మాక్స్ షుల్గాని తెచ్చారు. ఈ ఉక్రెయిన్ కుర్రాడే 2025లో అట్లాంటిక్ 10 ఉత్తమ ఆటగాడయ్యాడు.

అదే 2025 మార్చిలో ఓడమ్ కూడా వెళ్లారు, గంటకు కాస్త పైన ప్రయాణ దూరంలోనే ఉన్న షార్లట్స్‌విల్‌లోని వర్జీనియా యూనివర్సిటీకి. 2018లో యూఎంబీసీ అనే చిన్న యూనివర్సిటీ కోచ్‌గా, అట్టడుగు 16వ సీడ్ జట్టుతో టాప్ సీడ్ వర్జీనియాని 74-54తో చిత్తు చేసింది ఈయనే. ఆ యూనివర్సిటీయే పిలిచి ఉద్యోగమిచ్చింది.

ఓడమ్ కుర్చీలోకి బ్రయంట్ యూనివర్సిటీ నుంచి ఫిల్ మార్టెల్లీ జూనియర్ వచ్చారు. ఈయన ఎన్నాళ్లుంటాడు అన్న చర్చ పాత పద్ధతిలోనే మొదలైంది. అయితే ఈసారి ఇంటిపేరులోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఈయన తండ్రి ఫిల్ మార్టెల్లీ ఫిలడెల్ఫియాలోని సెయింట్ జోసెఫ్స్‌కి 24 సీజన్లు హెడ్ కోచ్. 2004లో ఆయన జట్టు రెగ్యులర్ సీజన్‌లో 27కి 27 మ్యాచ్‌లూ గెలిచింది, ఆయన జాతీయ ఉత్తమ కోచ్ అయ్యారు. అంత పేరొచ్చాక కూడా ఆయన ఆ కాలేజీ వదల్లేదు. 2019లో కాలేజీయే ఆయన్ని తీసేసింది.