స్లైడు మీద తెల్లటి ఖాళీలు

చిరంజీవులు స్వాతికి, కిట్టుకు,

అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో స్వాతి ఒక వార్త చదివి వినిపించింది. కొవ్వు పనులు చూసుకునే జన్యువుల్ని బట్టి మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవాళ్లు ఎన్నాళ్లు బతుకుతారో చెప్పేస్తారట, నిజమేనా అని అడిగింది. వెనక నుంచి కిట్టు "అంటే జాతకమా?" అన్నాడు. నవ్వేసి, రాసి పంపిస్తానన్నాను. ముప్ఫై ఏళ్లు పాథాలజీ ల్యాబులో స్లైడ్లు చేసినదాన్ని, ఈమాత్రం రాయలేనా అనుకున్నాను. కూర్చున్నాక తెలిసింది, కిట్టు అడిగింది చిన్న ప్రశ్న కాదని.

కిడ్నీల నుంచి దిగిన మూత్రం నిలవుండే సంచే మూత్రాశయం. మనం పీల్చిన, మింగిన విషాల్లో చాలావాటిని కిడ్నీలు వడగట్టి ఇక్కడికే పంపుతాయి. సంచి లోపలి పొర గంటల తరబడి వాటిలో నానుతుంది. 1895లో జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు ఈ జబ్బు వస్తోందని గమనించాడు. ఇప్పుడు అన్నిటికంటే పెద్ద కారణం పొగ తాగడం, సుమారు సగం కేసులు దానివల్లే. 2022లో ప్రపంచం మొత్తం మీద 6 లక్షలకు పైగా కొత్త కేసులు వచ్చాయి. ఆడవాళ్లకంటే మగవాళ్లలో మూడు రెట్లకు పైగా ఎక్కువ.

గడ్డ కనిపించగానే డాక్టర్లు అడిగేది ఒకటే: లోపలి పొరలోనే ఉందా, కింది కండరంలోకి దిగిందా? నలుగురిలో ముగ్గురికి కండరంలోకి దిగకముందే బయటపడుతుంది. గొట్టం లోపలికి పంపి గడ్డను గీకి తీసేస్తారు. మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు కాబట్టి ఏళ్ల తరబడి కెమెరాతో చూస్తూనే ఉండాలి. కండరంలోకి దిగితే సంచినే తీసేయాల్సి రావచ్చు. అయితే ఒకే దశలో ఉన్న ఇద్దరిలో ఒకరు ఏళ్ల తరబడి బాగుంటారు, ఇంకొకరికి ఏడాది తిరక్కుండానే జబ్బు ముదురుతుంది. స్లైడు మీద చూస్తే ఇద్దరివీ ఒకేలా ఉంటాయి. మరి ఆ తేడా ఎక్కడుంది?

ఇక్కడ నా స్లైడ్ల సంగతి చెప్పాలి. గడ్డలోంచి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, ఆల్కహాల్‌తో నీళ్లు లాగేసి, జైలీన్‌లో ముంచి, కరిగిన మైనంలో ఉంచి అచ్చు కడతాం. ఆ అచ్చును వెంట్రుక కంటే పల్చగా కోసి గాజు పలక మీద పరిచి రంగులు వేస్తాం. కేంద్రకాలు నీలంగా, మిగతాదంతా గులాబీగా వస్తుంది. కొవ్వు ఉన్నచోట మాత్రం రంగే ఉండదు, గుండ్రటి తెల్లటి ఖాళీ. చేరిన కొత్తలో ఆ ఖాళీలు చూసి, కత్తి సరిగ్గా పడలేదని భయపడి మూడుసార్లు మళ్లీ కోశాను. మా సీనియర్ వచ్చి చూసి, "నీ కోత బాగానే ఉందమ్మా. అక్కడున్న కొవ్వును మనమే కడిగేశాం" అన్నారు. నిజమే, ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి. కొవ్వునే చూడాలంటే ముక్కను గడ్డకట్టించి కోసి, ఆయిల్ రెడ్ ఓ అనే వేరే రంగు వేయాలి. అన్నేళ్లు క్యాన్సర్ కణాల్ని చూశాను కానీ, వాటిలోని కొవ్వును మాత్రం రోజూ నా చేత్తోనే పారబోశాను.

క్యాన్సర్ కణానికి కొవ్వు ఎందుకంటారా? కణం రెండుగా చీలాలంటే రెండో కణానికి చుట్టూ గోడ కావాలి. ఆ గోడ ఎక్కువగా కొవ్వుతోనే కట్టింది. మన మామూలు కణాలు చాలావరకు రక్తంలో తిరిగే కొవ్వును వాడుకుంటాయి. క్యాన్సర్ కణాలు సొంతంగా కూడా తయారు చేసుకుంటాయని 1953లోనే మీడిస్, థామస్, వైన్‌హౌస్ అనే ముగ్గురు చూపించారు. ఆ తయారీ చేసే ఎంజైమ్‌కు సమాచారం ఎఫ్ఏఎస్ఎన్ అనే జన్యువులో ఉంటుంది. అది రెండేసి కార్బన్లను అతికిస్తూ ఏడు విడతల్లో 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం తయారుచేస్తుంది. సీపీటీ1ఏ అనేది కొవ్వును కాల్చడానికి, కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా లోపలికి పంపే వాకిలి లాంటిది. ఎఫ్ఏబీపీ4 అనేది కణం లోపల కొవ్వును మోసే కూలీ.

ఈ కూలీ విషయంలో ఒక వింత ఉంది. 1996లో డెన్మార్క్‌లో జూలియో సెలిస్ బృందం మూత్రాశయ గడ్డల్ని పరీక్షిస్తే, నెమ్మదిగా పెరిగేవాటిలో ఈ ప్రొటీన్ బాగానే ఉంది, ముదిరినవాటిలో మాయమైపోయింది. కాబట్టి కొవ్వు జన్యువులు ఎక్కువ పనిచేస్తే చెడు, తక్కువైతే మంచి అని గీత గీసి చెప్పలేం. కిట్టూ, ఇది మనం తినే కొవ్వు సంగతి కూడా కాదు, కణం లోపలి పనుల సంగతి.

ఇప్పుడు జోస్యం దగ్గరికి వద్దాం. జన్యువు బీరువాలో దాచిన అసలు కాగితం అనుకోండి. పని జరిగేచోటికి దాని జిరాక్స్ కాపీలు వెళ్తాయి, అవే ఆర్ఎన్ఏ. కాపీలు లెక్కపెడితే ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది. అమెరికాలో క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అనే ప్రాజెక్టులో కండరంలోకి దిగిన 412 మూత్రాశయ గడ్డలకు ఇలా లెక్కపెట్టి, 2017లో ఫలితాలు ప్రచురించారు. ఆ సమాచారం ఎవరైనా వాడుకోవచ్చు. పరిశోధకులు అందులోంచి కొవ్వుకు సంబంధించిన కొన్ని వందల జన్యువుల్ని ఏరుకుని, ఆ మనుషులు ఎన్నాళ్లు బతికారో పక్కన పెట్టి చూస్తారు. లాస్సో అనే గణిత పద్ధతితో, నిండిన బస్సులోంచి టికెట్ లేనివాళ్లను దింపినట్టు, పనికిరాని జన్యువుల్ని దింపేస్తారు. చివరికి పదో పరకో మిగులుతాయి. ఒక్కోదానికి ఒక్కో బరువు ఇస్తారు.

మీకోసం నేనే కల్పించిన లెక్క ఇది. మూడు జన్యువులు, వాటి బరువులు 0.5, మైనస్ 0.3, 0.2. ఒకాయనలో వాటి చురుకు 6, 2, 5. హెచ్చించి కలిపితే 3 లోంచి 0.6 పోయి, 1 కలిసి, స్కోరు 3.4. ఇంకొకావిడలో 3, 7, 4. ఆవిడ స్కోరు 0.2. అందర్నీ ఇలా వరసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో గీత గీస్తారు. గీతకు పైన ఎక్కువ రిస్క్, కింద తక్కువ రిస్క్. రెండు గుంపులకూ చెరో మెట్ల గ్రాఫు వేస్తారు. కాలం గడిచేకొద్దీ అది కిందికి దిగుతుంది. ఆ మెట్లు చూసినప్పుడల్లా నాకు ఒకటే గుర్తొస్తుంది: మెట్టు దిగిందంటే అక్కడ ఒక మనిషి పోయినట్టు.

ఇలాంటి పేపర్లంటే నాకు కొంచెం అనుమానమే. జన్యువుల్ని ఏ రోగుల సమాచారంలోంచి ఏరారో వాళ్ల మీదే స్కోరును పరీక్షిస్తే ఫలితం ఎలాగూ బాగుంటుంది. ప్రశ్నపత్రం ముందే చూసి పరీక్ష రాసినట్టు. అందుకే ఇంకో దేశంలో, ఇంకో ఆస్పత్రిలో చూసిన రోగుల మీద నెగ్గాలి. పైగా ఒక బృందం ఏరుకున్న జన్యువులు ఇంకో బృందానికి దొరకవు. 2011లో రొమ్ము క్యాన్సర్ మీద కొందరు ఒక కొంటె పని చేశారు. ఏ సంబంధమూ లేని జన్యువుల్ని చీటీలు తీసినట్టు తీసి స్కోర్లు కడితే, వాటిలో చాలా స్కోర్లు కూడా రోగుల భవిష్యత్తును "చెప్పేశాయి". కణాలు ఎంత వేగంగా చీలుతున్నాయన్న సంగతి వేల జన్యువుల మీద ముద్ర వేస్తుంది కాబట్టి ఏది పట్టుకున్నా అదే బయటపడుతుంది. ఇంకోటి, ఆ 412 గడ్డలూ కండరంలోకి దిగినవే. ఆ స్కోరును తొలిదశలో ఉన్నవాళ్లకు తగిలించకూడదు.

స్వాతీ, ఆ వార్తలో ఏయూసీ 0.7 అని ఉందన్నావు కదా. చనిపోయినవాళ్లలోంచి ఒకర్ని, బతికినవాళ్లలోంచి ఒకర్ని తీసి పక్కపక్కన పెడితే, స్కోరు వందలో 70 సార్లు సరిగ్గా వరస పెడుతుందని దాని అర్థం. నాణెం ఎగరేసినా 50 సార్లు సరిపోతుంది. అలాగని ఇదంతా దండగ అననులే. ఎఫ్‌జీఎఫ్ఆర్3 అనే జన్యువులో మార్పు ఉంటే ఎర్డాఫిటినిబ్ అనే మందు వాడొచ్చని 2019లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. డాక్టర్ చేతిలో మందు మారింది చూశావా, నాకు అలాంటి పరీక్ష అంటే గౌరవం. కొవ్వు జన్యువులు కూడా ఏదో ఒక రోజు అలా మందు దారి చూపిస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు.

మీకో హోమ్‌వర్క్. పైన చెప్పిన ఇద్దరితోపాటు మూడో ఆయన ఉన్నాడు, ఆయనలో మూడు జన్యువుల చురుకూ 4, 4, 4. స్కోరు కట్టి, ముగ్గుర్నీ వరసలో పెట్టి, మధ్యలో గీత గీయండి. గీత సరిగ్గా ఆయన మీదుగానే పోతుంది. ఆయన్ని ఏ గుంపులో వేస్తారో, ఎందుకో ఇద్దరూ విడివిడిగా రాసి పంపండి.

ఉంటాను,
మీ అమ్మమ్మ