హోబోకెన్ స్టేషన్‌లో దిగిన ఉప్పు

చిరంజీవులకు ఆశీస్సులు.

న్యూజెర్సీలో హడ్సన్ నది ఒడ్డున హోబోకెన్ టెర్మినల్ ఉంది. రైలు దిగినవాళ్లు పడవెక్కి న్యూయార్క్ చేరడానికి 1907లో కట్టారు. నమూనా గీసింది కెన్నెత్ మర్చిసన్. బయట రాగిరేకు తొడుగు, వెయిటింగ్ రూమ్ పైకప్పుకి అమెరికాలో పేరున్న గాజు కళాకారుడు టిఫనీ రంగుటద్దాలు. అక్కడి మన తెలుగువాళ్లు ఎందరో ఇప్పటికీ ఈ స్టేషన్ మీదుగానే పనికి వెళ్లొస్తారు.

ఆ రాగి పచ్చగా ఉంటుంది. ఇంట్లో రాగిచెంబుకి చిలుము పడితే చింతపండుతో తోమేస్తాం కదా, ఇక్కడ ఆ పని చేయకూడదు. గాలికీ వానకీ లోపలి రాగి పాడైపోకుండా కాపాడేది ఆ పచ్చపొరే. తోమితే రేకు పలచబడుతుంది. అతుకు వేసిన కొత్త రేకు గోధుమరంగులో వేరుగా కనిపిస్తుంది. అది పచ్చబడడానికి ఏళ్లు పడుతుంది, రంగు పూయకుండా ఓపిక పట్టాలి.

రేకుని ఇనుపమేకుతో బిగించడం పెద్ద తప్పు. రాగి, ఇనుము తడిలో ఆనుకుంటే ఇనుమే కరిగిపోతుంది. పెద్ద రేకు, చిన్న మేకు కాబట్టి మరీ త్వరగా. రాగి మేకులో, కంచు మేకులో వాడాలి. మూడు మీటర్ల రేకు చలికీ ఎండకీ మధ్య 60 డిగ్రీల తేడా వస్తే 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే అంచులు మడిచి కలుపుతారు. అంతా టంకం వేసేస్తే అతుకు చీలుతుంది.

2012 అక్టోబర్‌లో శాండీ తుఫానుకి వెయిటింగ్ రూమ్‌లో ఐదడుగులకు పైగా నీళ్లు నిలిచాయి. సముద్రం పోటెత్తి వచ్చిన ఉప్పునీళ్లు అవి. ఇలాంటి నీళ్లు పోయినా గోడలో ఉప్పు మిగులుతుంది. గోడ ఆరేకొద్దీ అది గడ్డకట్టి గిలాబాని లోపలినుంచి తోస్తుంది, పెచ్చులూడతాయి. కంగారుపడి పైన సిమెంటో, నీరు దిగని పెయింటో వేశారంటే చెమ్మ బయటికి రాదు, ఉప్పు ఆ వెనకే పేరుకుంటుంది.

కాబట్టి ముందు మంచినీళ్లతో కడగాలి. తర్వాత కాగితపు గుజ్జుని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి సెంటీమీటరు మందాన గోడకి పట్టించాలి. అది ఆరుతూ ఉప్పుని లాక్కుంటుంది. ఊడదీసి, ఆ గుజ్జుని నీళ్లలో కలిపి, అందులో ఉప్పెంతుందో చూపే మీటరుతో కొలవాలి. అంకె తగ్గడం ఆగేదాకా మళ్లీ కొత్త గుజ్జు వేయాలి. నెలలు పట్టే పని. తడిసిన చెక్కబెంచీలనూ హీటర్లు పెట్టి ఆరబెట్టకూడదు, బీటలు వారతాయి. నీడలో, గాలి ఆడేచోట మెల్లగా ఆరనిచ్చి, అప్పుడే వార్నిష్ వేయాలి.

మీ తాతయ్య