రెండు రెసిస్టర్లు, ఒక ఆర్డుయినో, ఒక డబ్బా టీవీ

డబ్బా టీవీల కాలంలో పెరిగినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. పక్క గదిలో సౌండ్ పూర్తిగా తగ్గించి టీవీ పెట్టినా పిల్లలకు తెలిసిపోయేది. చెవిలో సన్నగా కీచుమని ఒక కూత. పెద్దవాళ్లకు అది వినపడేది కాదు, వయసు పెరిగేకొద్దీ అంత సన్నని శబ్దాలు చెవికి అందవు కాబట్టి. ఆ కూత ఫ్రీక్వెన్సీ 15,625 హెర్ట్జ్. టీవీ లోపల ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు అన్నిసార్లు తెర మీద ఎడమ నుంచి కుడికి గీత గీసి మళ్లీ వెనక్కి వస్తుంది, ఆ పని చేయించే ట్రాన్స్‌ఫార్మర్ కంపించి అలా కూస్తుంది. లెక్క వేస్తే ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో టీవీ మీద బొమ్మ వేయాలంటే మనం పట్టుకోవాల్సింది ఈ 64నే.

మన దేశం వాడిన పాల్ (PAL) అనే టీవీ ప్రసార పద్ధతిలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. ఆ 64 మైక్రోసెకన్లలో బొమ్మకు దక్కేది 52 మాత్రమే. ఇరవై అంగుళాల టీవీ తెర వెడల్పు సుమారు 40 సెంటీమీటర్లు. అంత దూరాన్ని 52 మైక్రోసెకన్లలో దాటాలంటే వెలుగు చుక్క సెకనుకు దాదాపు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెత్తాలి. మన తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి భూమికి దగ్గరి కక్ష్యలోకి పంపే ఉపగ్రహం తిరిగే వేగం కూడా ఇంచుమించు అంతే. హాల్లో మూలన కూర్చున్న టీవీలో ఏళ్ల తరబడి ఈ పరుగు నడిచిందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

మరి ఆ పరుగుకు దారి చూపేదెవరు? ఒకే ఒక్క వైరు. సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు పెట్టిన అలవాటు అందరికీ ఉన్నదే కదా. ఎరుపు, తెలుపు శబ్దానికి. బొమ్మంతా పసుపుది. మా అమ్మ పొద్దున్నే ఎస్వీబీసీలో చూసే సుప్రభాత సేవ మొత్తం ఆ పసుపు వైరులో పెరిగి తగ్గే వోల్టేజీగానే వచ్చేది. 0.3 వోల్టులైతే నలుపు, 1 వోల్టయితే తెలుపు, మధ్యలో ఉన్నవన్నీ బూడిద రంగులు. నలుపు కంటే కిందికి, సున్నాకు పడితే అది బొమ్మ కాదు, ఆజ్ఞ. 4.7 మైక్రోసెకన్లు సున్నాలో ఉంటే "కొత్త గీత మొదలుపెట్టు" అని. రెండు మూడు గీతల సేపు ఎక్కువ భాగం సున్నాలోనే ఉంటే "మళ్లీ పైనుంచి రా" అని. ఈ రెండో ఆజ్ఞ సరిగ్గా అందనప్పుడే పాత టీవీల్లో బొమ్మ పైకి పైకి దొర్లేది, వెనకాల వి-హోల్డ్ అని ఒక మర ఉండేది, దాన్ని తిప్పి తిప్పి నిలబెట్టేవాళ్లం.

అంటే నలుపు తెలుపు బొమ్మకు మూడు వోల్టేజీలు చాలు: 0, 0.3, 1. ఆర్డుయినోల్లో ఊనో అనే రకం బోర్డు పిన్ను ఇచ్చేదేమో సున్నా, కాకపోతే ఐదు వోల్టులు. ఇక్కడే రెండు రెసిస్టర్లు కావాలి. 9వ పిన్నుకు ఒక కిలో ఓమ్ (గోధుమ, నలుపు, ఎరుపు పట్టీలు), 7వ పిన్నుకు 470 ఓమ్ (పసుపు, ఊదా, గోధుమ). రెండింటి అవతలి కొసలూ కలిపి పసుపు వైరు మధ్య తీగకు, ఆర్డుయినో గ్రౌండ్ పిన్నేమో ఆ వైరులో మధ్య తీగ చుట్టూ ఉన్న జల్లెడ తీగకు. టీవీ లోపల 75 ఓమ్‌ల రెసిస్టర్ ఎలాగూ ఉంటుంది. రెండు పిన్నులూ కింద ఉంటే సున్నా. 9వది ఒక్కటే పైకి లేస్తే, ఓమ్ సూత్రంతో లెక్క కట్టి చూడండి, 0.30 వోల్టులు. రెండూ లేస్తే 0.95. ఇంటర్ ఫిజిక్సు లెక్క ఇంత అందంగా పనికొచ్చిన చోటు నాకు ఇంకొకటి కనపడలేదు.

ఇక అసలు సంగతి టైమింగ్. ఊనోలోని ఏటీమెగా328 చిప్పు సెకనుకు కోటీ 60 లక్షల టిక్కులు కొడుతుంది, అంటే 64 మైక్రోసెకన్లకు సరిగ్గా 1024 టిక్కులు. టైమర్‌ను 1024కు పెడితే ప్రతి గీతకూ ఒక ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు రమ్మనే పిలుపు) వస్తుంది. అయితే ఇంటరప్ట్ వచ్చిన క్షణంలో చిప్పు ఏదో ఒక ఇన్‌స్ట్రక్షన్ మధ్యలో ఉంటుంది, దాన్ని పూర్తి చేశాకే కదులుతుంది. కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు ఒక్క టిక్కులో అయిపోతాయి, కొన్నిటికి రెండు మూడు పడతాయి. ఒక్క టిక్కు తేడా వచ్చినా ఆ గీత తెర మీద అర మిల్లీమీటరు పక్కకు జరుగుతుంది. అందుకే నిలువుగా తిన్నగా గీసిన గీత రంపం పళ్లలా, అదీ వణుకుతూ కనిపిస్తుంది. విరుగుడు ఏమిటంటే, ఇంటరప్ట్‌లోకి రాగానే టైమర్ విలువ చదివి ఎన్ని టిక్కులు ఆలస్యమైందో చూసుకుని, మిగిలిన తేడాకు సరిపడా ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్లు నడిపించడం. తొందరగా వచ్చిన గీత కాసేపు ఆగుతుంది, లేటుగా వచ్చింది వెంటనే వెళ్తుంది, అన్నీ ఒకే చోట మొదలవుతాయి. రంపం పోయి గీత నిటారుగా నిలబడడం ఒకసారి చూస్తే, కాలం అంటే ఏమిటో ఎలక్ట్రానిక్స్ వాళ్లకు వేరే పాఠం అక్కర్లేదు. ఆర్డుయినో తనంతట తాను మిల్లీసెకన్లు లెక్కపెట్టుకునే ఇంటరప్ట్‌ను మాత్రం ఆపేయాలి, అది మధ్యలో దూరితే గీత సెంటీమీటర్ల లెక్కన పక్కకు పోతుంది.

టీవీఅవుట్ అనే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన కోడు, ఇవన్నీ చూసుకుంటుంది. అది ఇచ్చే బొమ్మ 128 చుక్కల వెడల్పు, 96 చుక్కల ఎత్తు. చుక్కకు ఒక బిట్ చొప్పున 1536 బైట్లు. చిప్పులో ఉన్న ర్యామే 2048, కాబట్టి మన ప్రోగ్రాముకు మిగిలేది అయిదొందల చిల్లర. టైమూ అంతే పిసినారిగా దొరుకుతుంది. అసలు టీవీ ప్రసారంలోలా 625 గీతల్ని రెండు సగాలుగా పంపే గొడవ లేకుండా 312 గీతలనే సెకనుకు 50 సార్లు పంపుతారు. ఒక్కో చుక్కల వరుసకు రెండేసి గీతలు, కాబట్టి అందులో 192 గీతల సేపు చిప్పు చుక్కలు తోయడంలోనే మునిగి ఉంటుంది, మిగిలిన 120 గీతల సమయం, అంటే ఏడున్నర మిల్లీసెకన్ల పైచిలుకు, మన ఆట నడపడానికి. 1977లో వచ్చిన అటారీ 2600 అనే వీడియో గేమ్ పెట్టెలో ర్యామ్ 128 బైట్లే, బొమ్మను దాచుకునే చోటే లేక గీత గీతకూ అప్పటికప్పుడు లెక్క వేసుకునేది. దాంతో పోలిస్తే మనం కలిగినవాళ్లమే.

టీవీ కోసం పెద్దగా వెతకక్కర్లేదు. తిరుపతిలో పాత సామాన్ల కొట్లలో నాకు దొరికింది. "బొమ్మ వస్తాదన్నా, రిమోటే లేదు" అన్నాడు కొట్టతను. ముందు బటన్లతో ఏవీ మోడ్‌లోకి పోతే చాలు, రిమోట్ ఎందుకు? వెనక మూత మాత్రం విప్పొద్దు. పిక్చర్ ట్యూబులో ఇరవై వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్ పీకేసినా కొంతసేపు నిలిచి ఉంటుంది. మన పనంతా బయట పసుపు పిన్ను దగ్గరే. ఎల్‌సీడీ టీవీల్లోనూ పసుపు పిన్ను ఉంటే చాలావరకు పనిచేస్తుంది గానీ, సిగ్నల్ కాస్త తేడాగా ఉన్నా కొన్ని సెట్లు "నో సిగ్నల్" అని మొండికేస్తాయి. డబ్బా టీవీ చాలా ఓర్పు గలది.

రంగులు ఊనోతో కుదరవు. పాల్ రంగు 4.43361875 మెగాహెర్ట్జ్ అలల మీద ఎక్కి వస్తుంది, మన 16 మెగాహెర్ట్జ్‌ను ఏ పూర్ణాంకంతో భాగించినా అది రాదు. రంగులే కావాలంటే ఈఎస్‌పీ32 అనే మరో చిప్పు వైపు వెళ్లండి, దానికి వోల్టేజీని 256 మెట్లలో ఇచ్చే పిన్నులు రెండున్నాయి.

నేనైతే నలుపు తెలుపులోనే ఉండి తెలుగు అక్షరాల మీద పడమంటాను. లైబ్రరీతో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిది చుక్కల ఎత్తులో ఇమిడిపోతాయి. మనకు గుడులు, కొమ్ములు, కింద వత్తులు ఉన్నాయి, ఎనిమిదిలో నలిగిపోతాయి. 24 చుక్కల చదరం ఇస్తే అక్షరం హాయిగా కూర్చుంటుంది, ఒక్కోదానికి 72 బైట్లు. "తిరుపతి" అని రాయాలంటే తి, రు, ప, మూడు బొమ్మలు గీసుకుంటే చాలు, తి రెండుసార్లు వాడుకోవచ్చు. మొత్తం 216 బైట్లు, వెడల్పు 96 చుక్కలు. ర్యామ్ తినకుండా వాటిని ప్రోగ్రాము ఉండే 32 కిలోబైట్ల ఫ్లాష్ మెమరీలో పెట్టండి. గ్రాఫు కాగితం మీద "రు" కొమ్మును చుక్క చుక్కగా దిద్దుకుంటూ కూర్చుంటే ఒక సాయంత్రం పడుతుంది.