ఎర్రబడితే పండినట్టేనా? ఆపిల్ సాగు, అమ్మకాల్లో అపోహలు - వాస్తవాలు

అపోహ: కాయ ఎర్రబడిందంటే కోతకు వచ్చినట్టే.

రైతుని ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే. ఇప్పుడు తోటల్లో ఉన్న ఎర్ర రకాల్లో చాలావాటికి లోపల పక్వానికి రాకముందే తొక్క ఎరుపెక్కేస్తుంది. చూడాల్సింది ఎరుపుని కాదు, ఎరుపు పట్టని చోట కనిపించే అడుగు రంగుని, అది ఆకుపచ్చ నుంచి లేత పసుపుకి తిరుగుతోందా లేదా అని. ఇంకా ఖాయంగా తెలియాలంటే అయోడిన్ పరీక్ష చేయండి. వేర్వేరు చెట్ల నుంచి పది కాయలు తెంపి, అడ్డంగా సగానికి కోసి, కోసిన వైపు అయోడిన్ ద్రావణంలో ముంచి తీసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పిండి పదార్థం (స్టార్చ్) ఉన్నంత మేరా నల్లబడుతుంది, చక్కెరగా మారిన భాగం తెల్లగానే ఉంటుంది, ఆ తెలుపు గింజల దగ్గర మొదలై తొక్క వైపు పాకుతుంది. ముక్కంతా నల్లగా ఉంటే ఆగాలి. మధ్యలో తెల్లబడి చుట్టూ నలుపు మిగిలితే కోల్డ్ స్టోరేజ్‌కి పనికొస్తుంది. నలుపు దాదాపు పోయిందా, వెంటనే అమ్మేయండి, దాస్తే పిండిపిండిగా అయిపోతుంది. (పరీక్ష చేసిన కాయలు పారేయాలి, తినకూడదు.)

సీజన్ మొదట్లో రేటు బాగుంటుందని పచ్చి కాయలు దింపేస్తారు చూడండి, అది నాకు నిజంగా బాధేస్తుంది. చప్పటి కాయ తిన్నవాళ్లు మళ్లీ కొనరు, ఆ దెబ్బ వెనకాల వచ్చే మంచి సరుకు మీద పడుతుంది.

అపోహ: పిందెలు ఎన్ని నిలిస్తే అంత లాభం.

గుత్తికి ఐదారు పూలు వస్తాయి. అన్నీ కాయలైతే అన్నీ చిన్నవే, పైగా వచ్చే ఏటి పూమొగ్గలు ఈ ఏడు కాయలు పెరుగుతున్నప్పుడే తయారవుతాయి కాబట్టి, కాపు మరీ బరువైతే మరుసటి ఏడు చెట్టు పూతే సరిగ్గా వేయదు. గుత్తికి ఒకటి, మహా అయితే రెండు ఉంచి మిగతావి తొందరగా తీసేయండి. చేతులు రావు, నాకూ తెలుసు, అయినా తీయాలి.

అపోహ: తోటంతా ఒకే మంచి రకం వేస్తే చాలు.

చాలా రకాలకి సొంత పుప్పొడితో కాయ సరిగ్గా నిలవదు. అదే సమయంలో పూసే ఇంకో రకం మధ్యమధ్యలో ఉండాలి, తేనెటీగలు తిరగాలి. పూత మీద పురుగుమందు కొడితే ఆ తేనెటీగల్నే చంపుకున్నట్టు.

అపోహ: మెరిసే కాయంటే మైనం పూసిందే.

ఆపిల్ తొక్క మీద సహజంగానే మైనం పొర ఉంటుంది. కడిగినప్పుడు అది కొంత పోతుంది, అందుకే ప్యాకింగ్ చేసేచోట తినదగిన మైనం పలచగా వేస్తారు, కాయలో తేమ పోకుండా.

అపోహ: పెట్టెలో పైన పెద్దవి, కింద చిన్నవి పేరిస్తే రేటొస్తుంది.

కొనేవాడు పెట్టె బోర్లించి చూస్తాడు, ఒకసారి అనుమానం వచ్చిందంటే మీ సరుకంతటికీ అడుగు కాయ రేటే కడతాడు. సైజు వారీగా వేరు చేసి, తొడిమ ఊడిన కాయని, దెబ్బ తగిలిన కాయని పక్కన పెట్టి, ఒక పెట్టెలో ఒకే సైజు నింపండి. కోసేటప్పుడు కూడా కాయని కిందికి లాగొద్దు, అరచేత్తో పట్టుకుని పైకెత్తి కొంచెం తిప్పితే తొడిమతో సహా వస్తుంది. వేళ్లు గట్టిగా నొక్కిన చోట ఆ పూట ఏమీ కనిపించదు, మార్కెట్‌కి చేరేసరికి గోధుమరంగు మచ్చగా తేలుతుంది.