ఫిల్టర్ వేయగానే పటంలోంచి మాయమయ్యే రోడ్లు

పటాల సాఫ్ట్‌వేర్‌లో స్క్రిప్టులు రాయడం కొత్తగా నేర్చుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. రోడ్ల లేయర్‌లోంచి, అంటే రోడ్లు మాత్రమే ఉన్న పటం పొరలోంచి, మట్టిరోడ్లను మాత్రమే తీసేయమని ఫిల్టర్ రాస్తే, వాటితో పాటు మట్టిరోడ్లని ఎవరూ చెప్పని రోడ్లు కూడా ఎందుకు కనిపించకుండా పోతాయి? చూడడానికి చిన్న సందేహమే గానీ, దీనికి పూర్తి జవాబు చెప్పాలంటే తర్కశాస్త్రం దాకా వెళ్ళాలి. పటం గీసే పనిలో ఇంతకంటే అందమైన ప్రశ్న నాకు కనిపించలేదు.

పటం మీద గీతగానో చుక్కగానో కనిపించే ప్రతి ఫీచర్‌కూ అట్రిబ్యూట్ టేబుల్‌లో ఒక వరుస ఉంటుందని, ఫిల్టర్ అంటే ఆ వరుసల మీద పెట్టే షరతని పాఠకులకు తెలుసనుకుని ముందుకు వెళ్తాను. రోడ్ల లేయర్‌లో ‘ఉపరితలం’ అనే ఫీల్డ్ ఉందని, అందులో మట్టి, తారు, కాంక్రీటు అనే విలువలు ఉన్నాయని అనుకుందాం. మొత్తం 1000 రోడ్లలో 300 మట్టివి, 450 తారువో కాంక్రీటువో. మిగిలిన 250 రోడ్ల ఉపరితలం ఏమిటో సర్వే చేసినవారు నమోదు చేయలేదు కాబట్టి ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు ‘ఉపరితలం <> మట్టి’ అని, అంటే ఉపరితలం మట్టికి సమానం కానివి కావాలని, షరతు పెడితే ఎన్ని రోడ్లు మిగలాలి? 1000లోంచి 300 తీసేస్తే 700 మిగలాలని ఎవరైనా అంటారు. పటాల సమాచారం దాచే పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్ గానీ, అదే పనికి వాడే జియోప్యాకేజ్ ఫైలు గానీ, క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో షరతులు రాసే సొంత ఎక్స్‌ప్రెషన్ భాష గానీ 450 మాత్రమే ఇస్తాయి. షరతును తిప్పి ‘ఉపరితలం = మట్టి’ అన్నదానికి ముందు ‘నాట్’ తగిలించినా అదే 450 వస్తుంది. ఆ 250 రోడ్లు మట్టిరోడ్ల జాబితాలోనూ లేవు, మట్టిరోడ్లు కానివాటి జాబితాలోనూ లేవు.

ఖాళీ గడిని, అంటే ‘నల్’ను, మూసి ఉన్న కవరుగా ఊహించుకుంటే ఈ వింత అర్థమవుతుంది. కవరులో ఒక కాగితం ఉంది, దాని మీద మట్టి, తారు, కాంక్రీటు అనే మూడు మాటల్లో ఏదో ఒకటి రాసి ఉంది, కవరు తెరవడానికి మాత్రం వీల్లేదు. లోపలున్నది ‘మట్టి’యేనా అని అడిగితే నిజాయితీ గల జవాబు ‘తెలియదు’. ‘మట్టి’ కాదా అని అడిగినా జవాబు ‘తెలియదు’ అనే చెప్పాలి. అడిగిన ప్రశ్నను తలకిందులు చేసినంత మాత్రాన తెలియనిది తెలిసిపోదు కాబట్టి, ‘నాట్’ తగిలించినా ‘తెలియదు’ అన్నది ‘తెలియదు’గానే ఉంటుంది. ఇక ఫిల్టర్‌కు ఉన్న నియమం ఒక్కటే: ‘నిజం’ అని జవాబు వచ్చిన వరుసలనే అది బయటికి పంపుతుంది, ‘అబద్ధం’ అన్నవాటినీ ‘తెలియదు’ అన్నవాటినీ ఒకే విధంగా ఆపేస్తుంది. మన 250 రోడ్లు మాయమయ్యేది సరిగ్గా ఈ చోటనే.

ఈ కవరును ఇంకా పరిశీలించాలి, ఎందుకంటే మిగిలిన వింతలన్నీ దీనిలోంచే వస్తాయి. రెండు మూసిన కవర్లు పక్కపక్కన పెట్టి, వాటిలో ఉన్న మాట ఒకటేనా అని అడిగితే దానికీ జవాబు ‘తెలియదు’. అందుకే ‘ఉపరితలం = నల్’ అని ఎస్‌క్యూఎల్‌లో, అంటే డేటాబేస్‌లను ప్రశ్నించే భాషలో, రాసిన షరతుకు ఒక్క ఫీచర్ కూడా దొరకదు. ‘ఈజ్ నల్’ అనే ప్రత్యేకమైన షరతు పెట్టవలసి రావడానికి కారణం కూడా ఇదే: అది లోపలి మాట గురించి అడగదు, కవరు మూసి ఉందా లేదా అని మాత్రమే అడుగుతుంది, ఆ సంగతి బయటి నుంచి చూసి చెప్పవచ్చు. రెండు షరతులను ‘అండ్’తో కలిపినప్పుడు, రోడ్డు వెడల్పు 6 మీటర్ల కంటే ఎక్కువ ఉండాలన్న షరతు 4 మీటర్ల రోడ్డు విషయంలో అబద్ధమని తేలిపోతే, ఇక కవరులో ఏముందన్నది అనవసరం, మొత్తం జవాబు అబద్ధమే. ‘ఆర్’తో కలిపితే ఒక పక్క నిజమైతే చాలు. రెండో పక్కను బట్టి జవాబు మారే అవకాశం ఉన్నప్పుడే ‘తెలియదు’ అన్నది మిగులుతుంది.

ఇందులో నన్ను అన్నిటికంటే ఆకర్షించే సంగతి మరొకటి ఉంది. కవరులో ఉన్నది ‘మట్టి’ అయినా అయి ఉండాలి, ‘మట్టి’ కాకుండానైనా ఉండాలి, ఈ రెండూ కాని మూడో మార్గం లేదు. కాబట్టి ‘మట్టి లేదా మట్టి కానిది’ అన్న షరతుకు మనిషి కవరు తెరవకుండానే ‘నిజం’ అంటాడు. డేటాబేస్ అలా అనదు. అది రెండు పక్కలనూ విడివిడిగా విలువ కట్టి, ‘తెలియదు ఆర్ తెలియదు’ అన్న దగ్గర ఆగి, ‘తెలియదు’ అనే తేలుస్తుంది. అంటే ఈ మూడు విలువల తర్కం లోతుగా ఆలోచించే తర్కం కాదు, చిన్న పట్టికలు చూసి జవాబు చెప్పే యాంత్రికమైన తర్కం. కోటి ఫీచర్లను వేగంగా పరీక్షించగలగడం ఆ యాంత్రికత వల్లనే సాధ్యమవుతుంది, 250 రోడ్లు మాయమవడం కూడా దానివల్లనే.

గణితవేత్త జార్జ్ బూల్ 1854లో ప్రకటించిన ఆలోచనా సూత్రాలలో నిజం, అబద్ధం అనే రెండు విలువలకే చోటుంది. 1920లో పోలండ్ తార్కికుడు యాన్ లుకాషేవిచ్, రేపు జరగబోయే విషయాల గురించి ఈ రోజు చెప్పే వాక్యాలకు ఆ రెండూ సరిపోవని వాదించి మూడో విలువను ప్రవేశపెట్టాడు. 1938లో గణితవేత్త స్టీఫెన్ క్లీని, ఎప్పటికీ ముగియని గణనకు ఏ విలువ ఇవ్వాలన్న సమస్య నుంచి మరో మూడు విలువల పట్టికను తయారుచేశాడు. ఎస్‌క్యూఎల్‌లో ఈనాటికీ ‘అండ్’, ‘ఆర్’, ‘నాట్’ పనిచేసేది ఆ పట్టిక ప్రకారమే. సమాచారాన్ని పట్టికల రూపంలో నిలవచేసే సిద్ధాంతాన్ని 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్, 1979 నాటి పత్రంలో ఖాళీ విలువలను ఈ తర్కంతో ముడిపెట్టాడు. పాఠశాలలోనూ కళాశాలలోనూ సత్యపట్టికలు బోధించేటప్పుడు రెండు విలువల దగ్గరే ఆపేయడం నాకు ఎప్పుడూ లోటుగానే అనిపిస్తుంది. మూడో వరుస, మూడో నిలువు గడి కలపడానికి పది నిమిషాలు చాలు, కానీ నిజమైన సమాచారంతో పనిచేసేవారికి ప్రతిరోజూ ఎదురయ్యేది ఆ మూడో గడే.

ఇంతవరకూ చెప్పినది డేటాబేస్ స్వభావం. స్క్రిప్టు దగ్గరికి వచ్చేసరికి కథ మరింత చిక్కుపడుతుంది, ఎందుకంటే ఒకే షరతును ఎక్కడ రాశామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. క్యూజీఐఎస్‌లో పైథాన్‌తో ఫిల్టర్ చేయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. లేయర్ మీద ‘సెట్‌సబ్‌సెట్‌స్ట్రింగ్’ అని పిలిస్తే, ఆ షరతు సమాచారం ఉన్న చోటికే, అంటే పోస్ట్‌జీఐఎస్ సర్వర్‌కో జియోప్యాకేజ్‌లోని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌కో, దాని సొంత మాండలికంలోనే వెళ్తుంది. లేయర్‌లో ఆ ఫీచర్లు తప్ప మరేవీ లేనట్టే మిగతా సాఫ్ట్‌వేర్ అంతా ప్రవర్తిస్తుంది. ఫీచర్ రిక్వెస్ట్‌కు, అంటే ఫీచర్లను ఇమ్మని స్క్రిప్టు పంపే అభ్యర్థనకు, ఫిల్టర్ ఎక్స్‌ప్రెషన్ జోడిస్తే అది క్యూజీఐఎస్ భాషలో ఉంటుంది, వీలైనప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని సర్వర్ భాషలోకి మార్చి పంపుతుంది. ఈ రెండు దారుల్లోనూ మన ఉదాహరణకు 450 రోడ్లే వస్తాయి. మూడో దారిలో ఫీచర్లన్నిటినీ పైథాన్‌లోకి తెచ్చుకుని, ఒక్కొక్కదాన్నీ ‘ఇఫ్’తో పరీక్షిస్తాం. ఇక్కడ 700 వస్తాయి!

కారణం ఏమిటంటే పైథాన్‌కు మూడో విలువ లేదు. ఖాళీ గడి దానికి ఒక మామూలు వస్తువు లాగే కనిపిస్తుంది, ఆ వస్తువూ ‘మట్టి’ అనే మాటా ఒకటి కావు కాబట్టి ‘సమానం కాదు’ అన్న షరతు నిజమై కూర్చుంటుంది. అదే పైథాన్‌లో ఖాళీగా ఉన్న వెడల్పును 6 కంటే ఎక్కువా అని అడిగితే, పోల్చడం కుదరదంటూ స్క్రిప్టు మధ్యలోనే ఆగిపోతుంది. ఆర్క్‌జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌కు చెందిన పైథాన్ లైబ్రరీ ఆర్క్‌పైలో కర్సర్‌తో వరుసలు ఒక్కొక్కటిగా చదివినా ఇంతే, అక్కడ ఖాళీ గడి ‘నన్’గా, అంటే ‘ఏమీ లేదు’ అని చెప్పే పైథాన్ విలువగా, వస్తుంది. పటాల పట్టికలకు పనికొచ్చే మరో పైథాన్ లైబ్రరీ జియోపాండాస్ వాడేవారికి వేరే రకం వింత ఎదురవుతుంది: ఖాళీగా ఉన్న సంఖ్య అక్కడ సాధారణంగా ‘సంఖ్య కానిది’ అనే ప్రత్యేక విలువగా నిలుస్తుంది, దానితో ఏ పోలిక చేసినా ‘అబద్ధం’ వస్తుంది, ‘సమానం కాదు’ అన్న ఒక్క పోలిక మాత్రం ‘నిజం’ అవుతుంది. అందువల్ల లేన్ల సంఖ్య 2 లేదా అంతకంటే తక్కువ ఉన్న రోడ్లు కావాలని నేరుగా అడిగితే ఖాళీవి రావు. ‘2 కంటే ఎక్కువ’ అన్న షరతును తిరగేసి అడిగితే ఖాళీవన్నీ వచ్చి చేరతాయి. బడిలో నేర్చుకున్న గణితం ప్రకారం ఈ రెండూ ఒకే ప్రశ్న.

కాబట్టి ఖాళీ గడుల్ని ఏం చేయాలన్న నిర్ణయాన్ని సాధనానికి వదిలేయకుండా షరతులోనే రాయాలని నా గట్టి అభిప్రాయం. ‘ఉపరితలం <> మట్టి ఆర్ ఉపరితలం ఈజ్ నల్’ అన్న రూపం ఎస్‌క్యూఎల్ తెలిసిన ప్రతిచోటా పనిచేస్తుంది. అయితే ‘ఆర్’ కంటే ‘అండ్’ ముందుగా లెక్కలోకి వస్తుంది కాబట్టి, దీనికి మరో షరతు జోడించేటప్పుడు ఈ మొత్తాన్నీ కుండలీకరణాల్లో పెట్టాలి. క్యూజీఐఎస్ ఎక్స్‌ప్రెషన్లలోనూ ఎస్‌క్యూలైట్‌లోనూ ‘ఈజ్ నాట్’ అన్నదాన్ని నేరుగా విలువతో వాడినా ఇదే ఫలితం వస్తుంది, పోస్ట్‌జీఐఎస్‌కు ఆధారమైన పోస్ట్‌గ్రెస్‌లో అదే పనికి ‘ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్’ ఉంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది ‘నాట్ ఇన్’. ఫలానా విలువల జాబితాలో లేని ఫీచర్లు కావాలని అడిగినప్పుడు, ఆ జాబితాలో ఒక్క ఖాళీ విలువ పొరపాటున చేరినా, ‘ఆ మూసిన కవరులో ఉన్నది ఇదే కావచ్చు కదా’ అన్న సందేహం ప్రతి వరుసకూ వర్తించి, ఫిల్టర్ ఒక్క ఫీచర్‌ను కూడా ఇవ్వదు. జాబితాను మరో లేయర్ నుంచి స్క్రిప్టు తనంతట తాను పోగుచేసినప్పుడు ఇలా జరగడానికి అవకాశం ఎక్కువ. స్క్రిప్టు చివర మూడు లెక్కలు అచ్చువేయించడం మంచి అలవాటు: షరతు నిజమైనవి ఎన్ని, దాని వ్యతిరేకం నిజమైనవి ఎన్ని, ఖాళీవి ఎన్ని. ఒకే ఫీల్డ్ మీద, ‘ఈజ్ నల్’ జోడించకుండా పెట్టిన షరతైతే ఈ మూడూ కలిపి లేయర్ మొత్తంతో సరిపోవాలి.

ఖాళీకి అర్థం అన్ని ఫీల్డులలోనూ ఒకటే కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అందరూ కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటం సమాచారంలో ఒక రోడ్డుకు ఉపరితలం ట్యాగ్ లేకపోతే, సాధారణంగా ఆ సంగతి ఇంకా ఎవరూ నమోదు చేయలేదని అర్థం. వంతెన అనే ట్యాగ్ లేకపోతే మాత్రం అది వంతెన కాదనే తీసుకుంటాం. మొదటిది మూసిన కవరు, రెండోది అసలు కవరే అవసరం లేని చోటు. కాడ్ స్వయంగా 1990 నాటికి తెలియని విలువకూ వర్తించని విలువకూ రెండు వేర్వేరు గుర్తులు ఉండాలని, దానికి తగ్గట్టు తర్కానికి నాలుగు విలువలు కావాలని ప్రతిపాదించాడు. ఎస్‌క్యూఎల్ ఆ దారిన వెళ్ళలేదు, అందువల్ల ఏ ఫీల్డ్‌లో ఖాళీకి ఏ అర్థమో స్క్రిప్టు రాసేవారే తెలుసుకుని షరతులో చెప్పాలి.

ఇంతకంటే కష్టమైన పరిస్థితి, ఖాళీ గడి ఖాళీగా కనిపించకపోవడం. లోతు తెలియని బావికి -9999 అని వేసే పాత అలవాటు ఇంకా చాలా లేయర్లలో ఉంది; లోతు 50 మీటర్ల లోపు ఉన్న బావులు కావాలని అడిగితే అవన్నీ నిజమైన బావుల్లాగే వచ్చి చేరతాయి. దీనికి మందు ఉంది: ‘నల్ఇఫ్’ అనే ఫంక్షన్‌తో -9999ను ముందే నల్‌గా మార్చుకుని, ఆ తరువాత షరతు పెట్టవచ్చు. షేప్‌ఫైల్ అనే పాత పటాల ఫైలు రూపం సంగతి వేరు. దాని వెనక ఉన్న డీబేస్ పట్టికలో నల్‌కు సరైన చోటు లేదు, అందుచేత కొన్ని సాధనాలు మరో రూపంలోంచి షేప్‌ఫైల్‌లోకి మార్చేటప్పుడు ఖాళీ సంఖ్యల స్థానంలో సున్నా రాస్తాయి. అప్పుడు నిజంగానే లెక్కించి సున్నా అని నమోదు చేసిన ఫీచరూ, ఎవరూ చూడనైనా చూడని ఫీచరూ ఒకే సంఖ్యతో పక్కపక్కన నిలబడతాయి. ఆ రెంటినీ విడదీయగల షరతు ఏ భాషలోనూ లేదు, మార్పిడికి ముందున్న అసలు ఫైలును తెరవవలసిందే.