వీఎస్టీ దిక్కు బారు మూతపడ్డది, దానెనక కథ ఇది

పోయిన నెల హైదరాబాద్‌ల వీఎస్టీ కాడ మా గల్లీ మలుపు మీదున్న బారు షట్టర్ దించిన్రు, మళ్ల ఎత్తలే. ముందు రెండ్రోజులు అందరు డ్రై డే అనుకున్నరు, ఎలక్షన్లేమన్న ఉన్నయా అని ఒకాయన నన్నే ఆపి అడిగిండు. మూడో రోజు బోర్డు పీకినంక సమజైంది. అప్పట్నుంచి గల్లీల రెండు పార్టీలు. ఎదురింటి అత్తమ్మేమో "పీడ పోయింది బిడ్డా, ఇగ మా గోడ కడుగుడు తప్పింది" అంటది, ఆమె బాధ అబద్ధం కాదు, ఏండ్ల సంది పొద్దుగాల లేస్తనే ఫినాయిల్ బకెట్ ఆ గోడకే పోతుండె. రిటైరైన సార్లు నలుగురు మాత్రం ఛాయ్ హోటల్ ముంగట నిలబడి, ఇంట్ల ఎవరో పోయినట్టు మెల్లగ మాట్లాడుకుంటున్నరు.

ఎందుకు మూసిన్రంటే ఒక్కొక్కలది ఒక్కో ముచ్చట. కాలనీవోళ్ల కంప్లైంట్ అని ఒకరు, ఓనర్ కొడుకులకు ఇష్టం లేదని ఇంకొకరు, బిల్డర్ వచ్చిండని ఇంకొకరు. బిల్డర్ వచ్చిన మాట నిజమే గని, బారు నడుస్తుంటే బిల్డర్‌కు ఎందుకు ఇస్తరు చెప్పున్రి. అది ఎన్నడో సగం చచ్చింది, మనమే చూడలే.

అసలు గిక్కడ బారెందుకు పుట్టిందో తెల్వాలంటే ఈ జాగ గురించి చెప్పాలె. ఆజామాబాద్ నిజాం కాలం నాటి ఇండస్ట్రియల్ ఏరియా. వజీర్ సుల్తాన్ టొబాకో, అదే మనం వీఎస్టీ అనేది, చార్మినార్ సిగరెట్ల కంపెనీ గిక్కడిదే. లోయర్ ట్యాంక్‌బండ్ దిక్కు 1920ల పెట్టిన డీబీఆర్ మిల్లు, ముషీరాబాద్‌ల ఆర్టీసీ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ల సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లు. అంటే షిఫ్ట్ దిగేటోళ్లు, డ్యూటీ దిగేటోళ్లు, సెకండ్ షో ఇడిసినోళ్లు, రోజంతా ఎవరో ఒకరు ఈ రోడ్డు మీదనే. మా నాయన ఆర్టీసీల చేసిండు, ఆయన చెప్పుడు ఏందంటే తక్కువ జీతపోడు కల్లు కాంపౌండ్‌కు గని సారా దుకాణానికి గని పోతుండె, బోనస్ వచ్చిన్నాడో ప్రమోషన్ వచ్చిన్నాడో బారుకు పోతుండె, బారు అంటే జర ఇజ్జత్‌గ కూసునే జాగ, కుర్చీ ఉంటది, ఫ్యాన్ ఉంటది, "సార్" అని పిలిచే వెయిటర్ ఉంటడు.

తర్వాత సారా కథ అందరికి తెలిసిందే. ఎనభైలల వారుణి వాహిని పేరు మీద సర్కారే సారా ప్యాకెట్లు ఊరూరికి పంపింది. 1991, 92ల నెల్లూరు జిల్లా దూబగుంటల రోశమ్మ, ఆమెతోటి ఆడోళ్లు కొంగు బిగించి సారా బంద్ చేయిస్తే అది రాష్ట్రమంతా అంటుకున్నది. కోట్ల విజయభాస్కర రెడ్డి సర్కారు 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ పెట్టింది, 94 చివర్ల గెలిచిన ఎన్టీఆర్ 1995 జనవరి 16 నుంచి మందు మొత్తమే బంద్ పెట్టిండు.

మా బారు అప్పుడేం చేసిందో మా నాయన నవ్వుకుంట చెప్తుండె. బోర్డు మీద "బార్ అండ్" అన్న అక్షరాలకు సున్నం కొట్టిన్రట, "రెస్టారెంట్" ఒక్కటి మిగిలింది. చెక్క క్యాబిన్లు, వాటికి తెరలు అట్లనే ఉంచి లోపల ప్లేట్ మీల్స్ పెట్టిన్రు. అలవాటైనోళ్లు అన్నం తినడానికి కూడ తెర గుంజుకొని కూసుంటుండె అంటరు, ఇది నిజమో కాదో నాకు తెల్వదు గని నమ్మబుద్ధి అయితది. తాగెటోడు మాత్రం ఎక్కడ ఆగిండు, కర్ణాటక, మహారాష్ట్ర దిక్కు నుంచి సీసాలు దొంగతనంగ వస్తుండె, ధూల్‌పేట గుడుంబా, అంటే నాటుసారా, ఎట్లనన్న దొరుకుతుండె. ఖజానా ఖాళీ, గుడుంబా జోరు, చివరికి 1997ల చంద్రబాబు సర్కారు బంద్ ఎత్తేసింది. సున్నం గీకితే పాత అక్షరాలు మళ్ల తేలినయ్.

ఆ తర్వాత పది పన్నెండేండ్లు మా బారుకు మస్తు టైమ్. 2004ల సిటీల కల్లు కాంపౌండ్లు కూడ మూసిన్రు (అవి మళ్ల తెరిచింది తెలంగాణ వచ్చినంక, 2014ల), ఆ గిరాకీ కొంత ఇటే వచ్చింది. నేను మొదలు పోయింది గప్పుడే. ఇద్దరికో క్వార్టర్, రెండు సోడాలు, మధ్యల స్టీల్ ప్లేట్‌ల గుడాలు. ఉడకబెట్టిన శనిగలు, మీద ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, సగం నిమ్మకాయ. ఆ గుడాలు బారువి కావు, మెట్ల కాడ గంప పెట్టుకున్న ఒక పెద్దమ్మవి, వెయిటర్ పోయి తెచ్చి బిల్లుల కలుపుతుండె. క్వార్టర్ గ్లాసులల్ల పోస్తుంటే ఇద్దరు టేబుల్ అంచుకు వంగి, కండ్లు లెవెల్‌కు పెట్టి చూస్తుండె, సూదంత తేడా ఉన్నా ఒప్పుకోరు. వెయిటర్ అన్నకు ఎవరి బ్రాండ్ ఏందో, ఎవరిని రెండో దానికాడ ఆపి ఇంటికి పంపాల్నో అన్నీ తెలుసు. మా నాయనను అట్ల పంపింది ఆయనే.

దెబ్బ పడ్డది ఎక్కడంటే పర్మిట్ రూములకాడ. 2012ల వైన్స్ లైసెన్సులకు లాటరీ పెట్టిన్రు, తర్వాత తర్వాత వైన్స్ పక్కనే నిలబడి తాగే పర్మిట్ రూమ్ ప్రతి సందుల మామూలైపోయింది. దుకాణం రేటుకే సీసా, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, ఐదు నిమిషాల పని. బారులనేమో అదే సీసా మీద రేటు చాన ఎక్కువ, ఎందుకంటే వానికి లైసెన్స్ ఫీజు ఉన్నది, కిరాయి ఉన్నది, వంటోని జీతం ఉన్నది. రోజు తాగెటోడు లెక్క చూసుకుంటడు కదా. ఇగ ఫ్యాక్టరీ షిఫ్టుల జనం ఎప్పుడో పల్చబడ్డరు, డీబీఆర్ మిల్లు మూతపడి ఎన్నేండ్లో.

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ బస్టాండ్ నుంచి ఎంజీబీఎస్ బస్టాండ్ దాకా మెట్రో క్రాస్‌రోడ్స్ మీదికెల్లి మొదలైతే ఓనర్ సంబురపడ్డడు, గిరాకీ పెరుగుతదని. నెలన్నర తిరగకముందే లాక్‌డౌన్. వైన్స్ మే 6న తెరిచిన్రు, రేట్లు 16 శాతం దాకా పెంచి మరీ. బార్లు తెరిచేసరికి సెప్టెంబర్ చివర. ఆ నాలుగున్నర నెలలల్ల జనం సీసా ఇంటికి తీస్కపోవుడు నేర్చుకున్నరు, నేర్చుకున్నోళ్లు మళ్ల రాలే. 2023 ఆగస్టుల ఇందిరాపార్క్ నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచినంక బండ్లన్నీ నెత్తిమీదికెల్లే పోతున్నయ్, కింద ఆగేటోడు ఎవడు. సరిగ్గ ఆ నెలలనే రాష్ట్రంల 2,620 వైన్స్‌ల కోసం లక్షా ముప్పై వేలకు పైన అప్లికేషన్లు వడ్డయ్, ఒక్కోదానికి వాపస్ రాని 2 లక్షలు కట్టి. డబ్బు ఎటు దిక్కు ఉరుకుతున్నదో గీ ఒక్క లెక్కల కనబడ్తది.

గందుకే అత్తమ్మ సంబురం చూస్తే నాకు జర నవ్వు, జర బాధ. కంప్లైంట్ పెట్టినోళ్లది తప్పనను, రాత్రిళ్లు ఆ మలుపు కాడ ఆడపిల్లలు ఎట్ల నడిచేదో మాకు తెల్వదా. గని బారుల లోపల కూసునేటోడు ఇప్పుడు రెండు గల్లీల అవతల పర్మిట్ రూమ్ బయట, రోడ్డు మీద, బండి సీటు మీద గ్లాసు పెట్టి నిలబడుతున్నడు, అక్కడ ఆపి ఇంటికి పంపే వెయిటర్ లేడు. లైసెన్స్ గచ్చిబౌలి దిక్కు పోతదని ఒక మాట నడుస్తున్నది. వెయిటర్ అన్న కరీంనగర్ దిక్కు సొంతూరికి పోయిండట.

మొన్న ఆదివారం అటుకెల్లి పోతుంటే గుడాల పెద్దమ్మ పర్మిట్ రూమ్ గోడకాడ కనబడ్డది, అదే గంప. "అక్కడ అరువు లేదు బిడ్డా, ఇక్కడ సుత లేదు" అని నవ్వుకుంట ఇస్తరాకుల ఒక పొట్లం కట్టిచ్చింది, ఇరవై రూపాయలు. నిమ్మకాయ మాత్రం పిండలే, రేటు పెరిగిందట.