విశాఖ నమూనాలు, యూరప్ పోలిక: పూర్వీకుల వాటాను లెక్కగట్టే పద్ధతి ఎలా వచ్చింది?

2001లో ‘జీనోమ్ రీసెర్చ్’ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధన పత్రానికి ఆధారం అప్పటి విశాఖపట్నం జిల్లాలోని ఎనిమిది కులాలకు చెందిన 265 మంది పురుషుల డీఎన్‌ఏ. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ బామ్‌షాడ్, లిన్ జోర్డ్ బృందం, ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రజ్ఞులు కలిసి చేసిన పని అది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏలో అన్ని కులాలూ తూర్పు ఆసియా వాసులకే దగ్గరగా ఉన్నాయి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌లో మాత్రం యూరప్ పోలిక కనిపించింది, అదీ పై కులాల్లో ఎక్కువగా. ‘పోలిక’ అన్న మాట బయటికొచ్చేసరికి ‘వాళ్లు యూరప్ నుంచి వచ్చారు’ అయిపోయింది. ఆ రెండు మాటలకూ మధ్య ఎంత దూరముందో తెలియాలంటే అసలు ఈ లెక్క ఎలా పుట్టిందో చూడాలి.

1919లో లుడ్విక్, హన్నా హిర్ష్‌ఫెల్డ్ దంపతులు మాసిడోనియా యుద్ధరంగంలో రకరకాల దేశాల సైనికుల రక్తం పరీక్షించారు. ‘ఏ’, ‘బీ’ గ్రూపుల నిష్పత్తి జనాన్ని బట్టి మారుతోందని, భారతీయ సైనికుల్లో ‘బీ’ ఎక్కువని తేలింది. 1931లో జర్మన్ గణితజ్ఞుడు ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ దాన్ని సూత్రంగా మార్చాడు. ఒక జన్యురూపం మొదటి మూల జనాభాలో 0.90, రెండోదాంట్లో 0.10, ఆ రెండూ కలిసిన జనాభాలో 0.34 ఉందనుకోండి. 0.34లోంచి 0.10 తీసేస్తే 0.24. దాన్ని రెండు మూలాల మధ్య తేడా అయిన 0.80తో (0.90లోంచి 0.10 తీసేస్తే వచ్చేది) భాగిస్తే 0.30. అంటే మొదటివారి వాటా 30 శాతం.

చూడ్డానికి ఇంతే, కానీ కిటుకంతా కింద ఉన్న ఆ 0.80లోనే ఉంది. వంద మందిని పరీక్షిస్తే వచ్చేవి 200 జన్యుప్రతులు. అప్పుడు 0.34 అన్న అంకెలోనే సుమారు 0.03 అటూ ఇటూ తేడా ఉంటుంది. మూల జనాభాల మధ్య తేడా 0.80 అయితే వాటాలో పొరపాటు 4 శాతం దగ్గర ఆగుతుంది. అదే తేడా 0.10 అయితే పొరపాటు 30 శాతం దాటిపోతుంది, ఇక ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. అందుకే రెండు వైపులా బాగా తేడా ఉన్న మార్కర్లనే, అంటే పోల్చడానికి వాడే జన్యు గుర్తులనే, ఏరుకుంటారు. ఆఫ్రికన్ అమెరికన్ల అధ్యయనంలో డఫీ అనే రక్తవర్గం (ఏ, బీ గ్రూపుల్లాంటిదే మరొకటి) అంత బాగా పనిచేసింది ఇందుకే: డఫీ లేని రూపం పశ్చిమాఫ్రికాలో దాదాపు అందరికీ ఉంది, యూరప్‌లో దాదాపు ఎవరికీ లేదు.

మన దగ్గర అలాంటి మార్కర్ లేదు. ఉన్నట్టు కనిపించేవి కొన్ని మోసం చేస్తాయి. మన్యంలో కనిపించే సికిల్ సెల్ జన్యువునే తీసుకోండి. మలేరియా ఉన్నచోట ఒక్క ప్రతి ఉన్నవాళ్లకు రక్షణ దొరుకుతుంది కాబట్టి అది పెరుగుతుంది. రెండు తెగల్లో అది సమానంగా ఉంటే ఆ రెంటికీ దోమ ఒకటేనని తెలుస్తుంది తప్ప, తాత ఒకడేనని కాదు.

2000లో ప్రిచర్డ్, స్టీఫెన్స్, డొనెల్లీల ‘స్ట్రక్చర్’, 2009లో ‘అడ్మిక్స్చర్’ అనే, పూర్వీకుల వాటాలను అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాక వేల మార్కర్లతో, ఒక్కో మూలానికి ఒక్కో రంగు చొప్పున, రంగురంగుల పట్టీలు గీయడం తేలికైంది. తప్పులూ ఇక్కడే ఎక్కువ. ముందుగా దగ్గరి బంధువులను తీసేయాలి. పక్కపక్కన ఉండి కలిసే సంక్రమించే మార్కర్లలో ఒకటి మాత్రమే ఉంచాలి. తెలుగు నమూనాల్లో మరో చిక్కు మేనరికం. మేనమామ, మేనకోడళ్లకు పుట్టిన బిడ్డలో ఎనిమిదో వంతు, మేనబావ, మేనమరదళ్ల బిడ్డలో పదహారో వంతు స్థానాల్లో రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివై ఉంటాయని అంచనా. హార్డీ–వైన్‌బర్గ్ జల్లెడ (బంధుత్వం చూడకుండా పెళ్లిళ్లు జరిగితే ఉండాల్సిన నిష్పత్తులకు సరిపోని మార్కర్లను తీసేసే పరీక్ష) మరీ బిగిస్తే ఆ కారణంగానే మంచి మార్కర్లు కూడా రాలిపోతాయి. ఇక కొద్దిమందితో మొదలై తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహానికి ప్రోగ్రాము ఏకంగా ఒక ప్రత్యేక రంగే ఇస్తుంది. అది వేరే జాతికి గుర్తు కాదు, ఇన్నాళ్లు విడిగా ఉన్నారన్నదానికి గుర్తు.

అసలు ముడి విప్పింది 2009లో. హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం 25 సమూహాల నుంచి 132 మందిలో 5,60,000కు పైగా మార్కర్లు చూశారు. ఉత్తరాది పూర్వీకులు, దక్షిణాది పూర్వీకులు అనే రెండు మూలాలు కలిసే ఇక్కడి జనం చాలావరకు ఏర్పడ్డారని, ఎక్కువ సమూహాల్లో మొదటివారి వాటా 39 నుంచి 71 శాతమని తేల్చారు. ఆ రెండు మూలాలూ కలవకుండా మిగిలినచోటు మన ప్రధాన భూభాగం మీద లేదు. అందుకే లిటిల్ అండమాన్‌లోని ఓంగే తెగవారిని దక్షిణాది పూర్వీకులకు దూరపు బంధువులుగా మాత్రమే వాడుకుని, నిష్పత్తుల మీద లెక్క కట్టారు. విశాఖ పత్రం చేతిలో అప్పుడున్న కొలబద్దలు యూరప్, ఆఫ్రికా, తూర్పు ఆసియా నమూనాలే. కొలబద్దల్లో యూరప్ ఉంటే పోలిక యూరప్‌తోనే కనబడుతుంది. ఒకే మూలం నుంచి ఇద్దరికీ వాటా వచ్చి ఉండొచ్చన్న సంగతి ఆ పోలిక చెప్పలేదు.

2013లో ఇదే వరుసలో తేదీలు కూడా వచ్చాయి. కలయిక జరిగాక ప్రతి తరంలో క్రోమోజోమ్ ముక్కలు తెగి చిన్నవవుతాయి. వంద తరాలకు సగటు ముక్క ఒక సెంటీమోర్గాన్ (ఒక తరంలో తెగే అవకాశం సుమారు ఒక శాతం ఉన్నంత పొడవు) దగ్గరికి వస్తుంది. ఆ పొడవును బట్టి కలయిక ఇప్పటికి 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట జరిగిందని, ఆ తర్వాతే సమూహాలు తలుపులు మూసుకున్నాయని లెక్క తేలింది. అంతకుముందు వెయ్యేళ్లపైగా అందరూ అందరితో కలిశారన్నమాట.

లాలాజలం తీసుకుని పూర్వీకుల శాతాలు చెప్పే పరీక్షలకు డబ్బు కట్టేవాళ్లు ముందు అడగాల్సింది, కొలబద్దలో ఎవరున్నారని. రకరకాల దేశాల జనం డీఎన్‌ఏను చదివి పోలికకు అందుబాటులో ఉంచిన ‘వెయ్యి జీనోముల’ ప్రాజెక్టులో తెలుగు పేరుతో ఉన్న వంద పైచిలుకు నమూనాలు బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లవి. అరకు గదబలకు ఆ పట్టికలో చోటు లేదు.